మూలన పడ్డ కంప్యూటర్‌కి ఏ బ్రౌజర్ వేద్దాం?

"అన్నా, ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది. క్రోమ్ తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు. ర్యామ్ వేయించాలా, బ్రౌజర్ మార్చాలా, లేక పాత సామాన్లకి ఇచ్చేయాలా?"

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు నుంచి ఈ కాలమ్‌కి వచ్చే ప్రశ్నలు కాస్త అటూ ఇటూగా ఇవే. ఆ కంప్యూటర్ ఎలాంటిదో కూడా ఊహించుకోవచ్చు. అన్నయ్యో అక్కయ్యో బీటెక్‌లో చేరినప్పుడు కొన్నది. వాళ్లు ఉద్యోగానికని హైదరాబాద్ వెళ్లిపోయారు, ఇది మాత్రం గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంది. అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి కాబట్టి దాని అవసరం ఎవరికీ పడలేదు.

అవసరం ఎప్పుడు పడుతుందో మీకూ తెలుసు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజున. ఏపీపీఎస్సీ, డీఎస్సీ, రైల్వే అప్లికేషన్ల చివరి రోజున. ఫోన్‌లో కూడా చేయొచ్చు, కాదనను. కానీ పెద్ద కాలేజీల లిస్టు ముందేసుకుని ఏది ముందు, ఏది వెనక అని వరుస పేర్చే పని ఆరంగుళాల తెర మీద కుదిరే పని కాదు. వెబ్ ఆప్షన్లలో ఆ వరుసే సీటు. వేలు పక్కకి జారి రెండు కాలేజీలు తారుమారైతే నాలుగేళ్లు ఇంకోచోట చదవాలి. అలాగని నెట్ సెంటర్‌కి వెళ్తే అక్కడ క్యూ, పైగా మన పాస్‌వర్డ్ వాళ్ల మెషిన్‌లో.

అందుకే కప్పిన గుడ్డ తీసి చూద్దాం. ఇంట్లో కంప్యూటర్‌తో మనం చేసే పని దాదాపు అంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది. కాబట్టి మెషిన్ బతికుందా లేదా అనేదానికి నా లెక్కలో ఒకటే పరీక్ష: ఇవాళ్టికీ అప్‌డేట్లు అందుకుంటున్న బ్రౌజర్ దాని మీద నడుస్తుందా? నడిస్తే ఖర్చు పెట్టొచ్చు. నడవకపోతే ముందు దాన్ని నడిపించే దారి వెతకాలి. క్రోమా, ఫైర్‌ఫాక్సా అన్న పంచాయితీ ఆ తర్వాతే.

ముందు గడియారం చూడండి

చాలా నెలల తర్వాత ఆన్ చేశారు. ఫోన్ నుంచి నెట్ ఇచ్చారు. ఏ సైట్ తెరిచినా "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని ఎర్ర గుర్తు. బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశారు, అదే పాట. ఇంకో బ్రౌజర్ వేశారు, అదీ అంతే. ఇక "వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టాలి" అని ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు.

ఆగండి. కింద కుడి మూలన తేదీ చూడండి. 2010 అనో 2015 అనో ఉందా? అయితే జబ్బు దొరికినట్టే. ప్రతి సైట్‌కీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ 2015లో ఉన్నాననుకుంటే, ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. అందుకే నమ్మనంటుంది. క్రోమ్ అయితే కొన్నిసార్లు "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అని నేరుగానే చెబుతుంది, మనమే చదవం.

తేదీ ఎందుకు వెనక్కి పోయిందంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. షాపులో సీమాస్ బ్యాటరీ అంటారు, నంబరు సీఆర్ 2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ఏళ్ల తరబడి వాడితే అది అయిపోతుంది. ఆ తర్వాత కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ పాత కాలానికి వెళ్లిపోతుంది. మనవైపు ఎండాకాలంలో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు కదా! బ్యాటరీ ధర కూడా మీరు టీలకి పెట్టే ఖర్చు పాటిదే. అది మార్చి తేదీ సరిచేస్తే, చాలా మెషిన్లలో "పాడైపోయిన బ్రౌజర్" ఆ నిమిషమే బాగైపోతుంది.

మూత ఎలాగూ తీశారు కాబట్టి దుమ్ము కూడా దులపండి. పలకల ఊరికి దుమ్ము గురించి నేను చెప్పాలా? ఒకప్పుడు బడిపిల్లల చేతిలో పలక అంటే మార్కాపురం పలకే. రాయి కోసే యూనిట్ల దగ్గర్లో ఇల్లుంటే ఆ మెత్తటి పొడి ప్రాసెసర్ మీది ఫ్యాన్‌లోకి చేరి పేరుకుపోతుంది. వేడి బయటికి పోదు. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీకేమో "కంప్యూటర్ ముసలిదైపోయింది" అనిపిస్తుంది. ప్లగ్ పూర్తిగా తీసేసి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క కదలకుండా పెన్సిల్‌తో ఆపి పట్టుకోండి. గాలికి మరీ వేగంగా తిరిగితే ఫ్యాన్ పాడవుతుంది.

ఎస్ఎస్‌డీ ముందు, ర్యామ్ తర్వాత

షాపుకి వెళ్తే మొదట వినపడే మాట "ర్యామ్ పెంచుకోండి సార్". నేనైతే ముందు హార్డ్‌డిస్క్ సంగతి చూడమంటాను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ దగ్గరికి వెళ్లండి. కంప్యూటర్ నత్తనడక నడుస్తున్నప్పుడు డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయిందా? అయితే రోగం అక్కడుంది. పాత హార్డ్‌డిస్క్ అంటే లోపల తిరిగే పళ్లెం, దాని మీద గ్రామఫోన్ ముల్లులా కదిలే తల. బ్రౌజర్ తెరిచినప్పుడు వందల చిన్న చిన్న ఫైళ్లు కావాలి. ఆ తల ఒక్కోదాని కోసం అటూ ఇటూ పరిగెత్తాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, పరిగెత్తేదీ లేదు. వరుసగా చదివే వేగంలోనే తేడా మూడు నాలుగు రెట్లుంటుంది. హార్డ్‌డిస్క్ సెకనుకి 100 నుంచి 150 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 దాటుతుంది. చిన్న ఫైళ్ల విషయంలో అయితే పోలికే లేదు. మూడో జనరేషన్ ఐ3 మెషిన్ కూడా ఎస్ఎస్‌డీ పడగానే ఇంకో మెషిన్ అనిపిస్తుంది. 240 జీబీది చాలు. పాత హార్డ్‌డిస్క్ పారేయకండి, పెళ్లి వీడియోలూ ఫొటోలూ దాచుకోవడానికి అలాగే లోపల ఉంచేయండి.

ర్యామ్ దగ్గర రెండు విషయాలు. అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ నొక్కితే ఎంత ఉంది, ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడారు అన్నది కనిపిస్తుంది. 4 జీబీ ఉంటే 8 చేసుకోండి. ఇంటి పనికి అంతకంటే అక్కర్లేదు. అయితే డబ్బు ఇచ్చే ముందు సిస్టమ్ ప్రాపర్టీస్‌లో "32 బిట్" అని ఉందేమో చూడండి. పాత మెషిన్లలో చాలావాటికి 32 బిట్ విండోస్ వేసేవాళ్లు. ఇంట్లో వాడే ఆ రకం విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. మీరు 8 వేయించినా సగం డబ్బు నీళ్లపాలే. ముందు 64 బిట్ విండోస్ వేయించి, తర్వాత ర్యామ్ మాట ఎత్తండి. ఇంకోటి, డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి పట్టవు. పాత కడ్డీ విప్పి షాపుకి తీసుకెళ్తే గొడవ ఉండదు.

ధరలు చూసి గుండె గుభేల్‌మంటే షాపాయన్ని అనుమానించకండి. 2025 చివరి నుంచి ప్రపంచమంతా ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ లాగేసుకుంటున్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి ర్యామ్, ఎస్ఎస్‌డీ అమ్మే మైక్రాన్ కంపెనీ, ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నానని 2025 డిసెంబర్‌లో ప్రకటించేసింది కూడా. చాట్‌బాట్‌తో మనం ఆడే కబుర్ల బిల్లు ఇలా గిద్దలూరు షాపు దాకా వచ్చిందన్నమాట. అందుకే సెకండ్‌హ్యాండ్ ర్యామ్ తీసుకోవడంలో తప్పులేదు, అది అంత తేలిగ్గా అరిగిపోయే వస్తువు కాదు. ఎస్ఎస్‌డీ మాత్రం కొత్తదే కొనండి. అది రాసేకొద్దీ అరుగుతుంది, ముందాయన ఎంత అరగదీశాడో మీకు తెలీదు.

విండోస్ 7, విండోస్ 10, ఆ పైన

ఇప్పుడు బ్రౌజర్ సంగతికి వద్దాం. అది మీ విండోస్‌ని బట్టి ఉంటుంది.

విండోస్ 7 ఉన్నవాళ్లూ, మీ క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది. 2023 జనవరిలో వచ్చిన వెర్షన్ అది. మైక్రోసాఫ్ట్ అయితే విండోస్ 7ని 2020 జనవరి 14నే వదిలేసింది. పేజీ సగం తెరుచుకుని బటన్లు పనిచేయకపోవడం, పేమెంట్ పేజీ తెల్లగా ఉండిపోవడం, వీటికి చాలాసార్లు కారణం ఆ పాత బ్రౌజరే. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ తర్వాత బయటపడ్డ సెక్యూరిటీ లోపాలన్నీ మీ దాంట్లో అలాగే ఉండిపోవడం. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు తెరవొద్దు. ఓటీపీ వస్తుంది కదా అని ధైర్యం చేయొద్దు. ఓటీపీని కూడా మీరు టైప్ చేసేది ఆ మెషిన్‌లోనే.

ఒక్క మినహాయింపు. ఊళ్లో శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం పాత విండోస్‌నే పట్టుకుని ఉంటారు. మీ నాన్న షాపు అదే అయితే ఆ మెషిన్ జోలికి పోకండి. దాని నెట్ మాత్రం పీకేయండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో ఇచ్చిపుచ్చుకోవచ్చు.

విండోస్ 10 ఉన్నవాళ్లకి కొంచెం ఊపిరి ఉంది. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా ఇచ్చే పథకం ఒకటి మైక్రోసాఫ్ట్ పెట్టింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో "ఎన్‌రోల్" అని కనిపిస్తుంది. ఎడ్జ్ బ్రౌజర్‌కి మాత్రం విండోస్ 10 మీద కనీసం 2028 అక్టోబర్ దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. బ్రౌజర్ తాజాగా ఉన్నా కింద విండోస్ పాతబడితే గేటుకి తాళం వేసి ప్రహరీ వదిలేసినట్టే. కానీ గేటు కూడా బార్లా తెరిచి ఉండటం కంటే నయం.

విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అడుగుతుంది. ఏఎండీ మెషిన్లకి వేరే లిస్టు ఉంది. "పర్లేదు, నేను అడ్డదారిలో వేసిస్తా" అనే కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వేయొచ్చు కూడా. కాకపోతే దానికి మైక్రోసాఫ్ట్ బాధ్యత ఉండదు. కోర్ 2 డ్యుయో కాలం మెషిన్లయితే 24హెచ్2 వెర్షన్ నుంచి అడ్డదారిలో కూడా బూట్ కావు. అది అడిగే కొన్ని సూచనలు ఆ పాత ప్రాసెసర్‌కి తెలియవు.

సికింద్రాబాద్ సీటీసీలోనో ఆన్‌లైన్‌లోనో రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ కొనేవాళ్లు జాగ్రత్తగా చదవాల్సింది ఇక్కడే. "ఐ5, 8 జీబీ, ఎస్ఎస్‌డీ" అని బోర్డు చూసి పొంగిపోకండి. ఐ5 తర్వాత అంకె అడగండి. 6500 అంటే ఆరో జనరేషన్, 8500 అంటే ఎనిమిదో జనరేషన్. పేరు ఒకటే, ధరలో తేడా కొంచెమే. మొదటిది విండోస్ 11 గడప బయట, రెండోది లోపల. ఆఫీసులు వదిలించుకున్న ఆరు, ఏడు జనరేషన్ల మెషిన్లు చవగ్గా దొరకడానికి ఇదో కారణం.

విండోసే అక్కర్లేదు, బ్రౌజర్ నడిస్తే చాలు అంటారా? అయితే లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వేసుకోండి. ఉచితం. 4 జీబీ మెషిన్‌లో కూడా హాయిగా నడుస్తుంది. 22వ వరుసకి 2029 దాకా సపోర్ట్ ఉంది. లోపల ఫైర్‌ఫాక్స్ సిద్ధంగా ఉంటుంది, దాన్ని తెలుగు మెనూలతో కూడా వాడుకోవచ్చు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో లినక్స్ తేవడానికి ఏళ్ల తరబడి పనిచేశారు. బడి పిల్లల కోసం బాలస్వేచ్ఛ అని ఒకటి ప్రత్యేకంగా చేశారు. లినక్స్ అంటే నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం అనుకునేవాళ్లు ఒకసారి పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ఇన్‌స్టాల్ చేయకుండానే తెరుచుకుంటుంది. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే పాత విండోస్ అలాగే ఉంటుంది.

సరే, ఏ బ్రౌజర్?

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ, అన్నీ లోపల ఒకే పునాది మీద నడుస్తాయి. దాని పేరు క్రోమియం. ఎడ్జ్ కూడా 2020 జనవరిలో ఆ గూటికే చేరింది. జోహో వాళ్ల 'ఉలా' బ్రౌజర్ కూడా క్రోమియమే. కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో 2025లో జోహో బృందానికే మొదటి బహుమతి, కోటి రూపాయలు వచ్చాయి. కాబట్టి "క్రోమ్ బరువు, ఫలానాది తేలిక" అనే వీడియోలు చూసి ఈ బ్రౌజర్ల మధ్య గెంతితే పెద్ద లాభం ఉండదు. బరువు ఎక్కువగా మీరు తెరిచిపెట్టిన ట్యాబులది, వాటిలోని యాడ్స్‌ది.

ఇంజిన్ వేరేగా ఉన్నది ఫైర్‌ఫాక్స్. పాత మెషిన్‌కి నా ఓటు దానికే. కారణం ఒకటే, యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ అందులో పూర్తి స్థాయిలో పనిచేస్తుంది. క్రోమ్ 2025లో ఎక్స్‌టెన్షన్ల రూల్స్ మార్చి దాన్ని ఆపేసింది. ఇప్పుడు అక్కడ దొరికేది లైట్ వెర్షన్. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ వాడేవాళ్లకి యాడ్ బ్లాకర్ అంటే డేటా మిగులు కూడా. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా ఇది వేసుకోవచ్చు.

కానీ రెండో బ్రౌజర్‌గా ఎడ్జ్‌నో క్రోమ్‌నో ఉంచుకోండి. ప్రభుత్వ సైట్లు తయారుచేసేవాళ్లు ఎక్కువగా క్రోమ్‌లోనే చూసుకుంటారు. అప్లికేషన్ ఫీజు కట్టే రోజున యాడ్ బ్లాకర్ లేని ఆ రెండోది వాడండి. బ్రేవ్ వాడేవాళ్లు ఆ ఒక్క సైట్‌కి షీల్డ్స్ తీసేయండి. చాలాసార్లు రసీదు పాపప్‌లో వస్తుంది, బ్లాకర్ దాన్ని మింగేస్తుంది. ఖాతాలో డబ్బు కట్ అయి రసీదు రాకపోతే ఆ రాత్రి నిద్ర ఉండదు.

నెట్ విషయం కూడా తేల్చేద్దాం. డెస్క్‌టాప్‌కి వైఫై లేదని డాంగిల్ కొనక్కర్లేదు. ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో కలిపి సెట్టింగ్స్‌లో "యూఎస్‌బీ టెథరింగ్" ఆన్ చేస్తే చాలు. చేసిన వెంటనే విండోస్‌లో ఆ కనెక్షన్‌ని "మీటర్డ్" అని పెట్టండి. లేకపోతే రోజుకి ఇచ్చే 2 జీబీ డేటాని విండోస్ అప్‌డేట్లు పొద్దున్నే మింగేస్తాయి. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఏపీ ఫైబర్‌నెట్ మీ ఇంటికి ఉంటే ఈ తిప్పలేం లేదు, ల్యాన్ కేబుల్ గుచ్చడమే.

నెట్ సెంటర్‌కి వెళ్లక తప్పని రోజులూ ఉంటాయి. అక్కడ క్రోమ్ పైన కుడివైపు మీ గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ కాకండి. అలా చేసి సింక్‌కి ఒప్పుకుంటే, మీ ఫోన్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా ఆ మెషిన్‌లోకి దిగిపోతాయి. ఇన్‌కాగ్నిటో విండో తెరిచి అందులో పని చేసుకోండి. వచ్చేటప్పుడు ఆ విండో మూసేయండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మీ ఆధార్ పీడీఎఫ్ ఉండిపోయిందేమో చూసి చెరిపేయండి.

ఇదంతా కంప్యూటర్ గొడవ, నాకు ఫోన్ ఉంది అనుకుంటున్నారా? జేబులో ఉన్నది కూడా అదే దారిలో ఉంది. ఆండ్రాయిడ్ 8, 9 ఉన్న ఫోన్లకి క్రోమ్ 138తో ఆగిపోయింది. 139 నుంచి ఆండ్రాయిడ్ 10 ఉండాల్సిందే. అమ్మకో నాన్నకో ఇచ్చిన పాత ఫోన్ సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్" ఒకసారి తెరిచి చూడండి. యూపీఐ ఉన్నది ఆ ఫోన్‌లోనే అయితే ఇవాళే చూడండి.